డిజిటల్ స్టేజ్ బాక్స్‌ను ఎంచుకోవడం: మైకు జాక్ నుంచి మిక్సర్ పోర్టు దాకా

ప్రత్యక్ష కార్యక్రమాల్లో మైకులు, వాద్యాలు వేదిక మీద ఉంటాయి. మిక్సర్ మాత్రం ప్రేక్షకుల మధ్యనో వారి వెనకనో ఉంటుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని చాలాకాలం పాటు మల్టీకోర్ కేబులే మోసింది. ఒక్కో మైకుకు ఒక్కో జత తీగ చొప్పున పదుల జతలను ఒకే తొడుగులో బిగించిన ఆ కేబుల్‌ను చుట్టడం, మోయడం, పరచడం ఒక పెద్ద పని. పైగా మైకు పుట్టించే కొద్ది మిల్లీవోల్టుల సిగ్నల్ అంత దూరం నడిచేలోగా లైటింగ్ డిమ్మర్ల రొదను కూడా వెంటబెట్టుకొని వచ్చేది. డిజిటల్ స్టేజ్ బాక్స్ ఈ క్రమాన్ని తిరగేసింది. సిగ్నల్‌ను పెంచే ప్రీఆంప్‌లు, దాన్ని అంకెలుగా మార్చే కన్వర్టర్లు వేదిక మీదికే వెళ్ళిపోయాయి. అక్కడి నుంచి మిక్సర్ దాకా ఒక సన్నని నెట్‌వర్క్ కేబుల్ చాలు.

అంటే స్టేజ్ బాక్స్ కేవలం జాక్‌లు బిగించిన పెట్టె కాదు, మిక్సర్‌లో సగభాగం. కార్యక్రమం నడుస్తున్నప్పుడు మీ చేతికి అందని సగం కూడా అదే. ఎంపికలో ప్రతి ప్రశ్ననూ ఈ దృష్టితోనే వేసుకోవాలి: వేదిక మీదికి పరుగెత్తే వీలు లేని సమయంలో ఈ పెట్టె ఎలా ప్రవర్తిస్తుంది? ముందు పలకపై ఎన్ని జాక్‌లు ఉన్నాయన్న లెక్క అవసరమే గాని, ఎంపిక అక్కడితో ముగియదు.

1. ముందుగా ఇన్‌పుట్, అవుట్‌పుట్ జాబితా రాసుకోండి

మీరు చేసే కార్యక్రమాల్లో అన్నిటికన్నా పెద్దదాన్ని తీసుకొని, ప్రతి మైకునూ ప్రతి లైనునూ కాగితం మీద పెట్టండి. ఉదాహరణకు ఒక బ్యాండును చూద్దాం. డ్రమ్స్‌కు కిక్, స్నేర్ పైన ఒకటి, కింద ఒకటి, హై-హ్యాట్, రెండు టామ్‌లు, ఫ్లోర్ టామ్, రెండు ఓవర్‌హెడ్‌లు కలిసి 9. బేస్ గిటార్ డీఐతో (వాద్యాన్ని మైకు లేకుండా నేరుగా కలిపే చిన్న పెట్టె) 10, రెండు గిటార్లతో 12, స్టీరియో కీబోర్డుతో 14, నాలుగు గొంతులతో 18, వ్యాఖ్యాత మైకుతో 19, స్టీరియో ప్లేబ్యాక్‌తో 21. దీనిపై కనీసం మూడు ఖాళీ ఛానెళ్ళు ఉంచుకోవాలి. ఏదైనా జాక్ పాడైనా, చివరి నిమిషంలో మరో గాయకుడు వచ్చినా అవే ఆదుకుంటాయి. ఇక్కడికి 24 అయింది. 16 ఇన్‌పుట్ల పెట్టె ఒకటి ఈ పనికి చాలదని, రెండు కావాలని ఈ కాగితమే చెబుతోంది.

చాలామంది తప్పటడుగు వేసేది అవుట్‌పుట్ల దగ్గర. మెయిన్ స్పీకర్లకు ఎడమ, కుడి కలిపి 2, సబ్‌వూఫర్‌కు 1, వేదిక నేల మీద ఉండి కళాకారులకే వినిపించే నాలుగు వెడ్జ్ మానిటర్ మిక్స్‌లకు 4, మొత్తం 7. కాబట్టి 8 అవుట్‌పుట్లున్న పెట్టె సరిపోతుందనిపిస్తుంది. కాని ఆ మిక్స్‌లు వినే నలుగురిలో ఇద్దరు చెవిలో పెట్టుకొనే స్టీరియో ఇయర్ మానిటర్లకు మారితే వారికే 4 అవుట్‌పుట్లు కావాలి, మిగిలిన ఇద్దరికి 2, మెయిన్‌కూ సబ్‌కూ 3, మొత్తం 9. ఒకే ఒక్క మార్పుతో పెట్టె చిన్నదైపోయింది. ఇయర్ మానిటర్ల ట్రాన్స్‌మిటర్లు ఎక్కడ ఉంటాయో కూడా జాబితాలో రాయండి. అవి మిక్సర్ పక్కనే ఉంటే మిక్సర్ వెనకున్న అవుట్‌పుట్లు సరిపోతాయి. వేదిక మీద ఉంటే స్టేజ్ బాక్సే ఇవ్వాలి.

2. ఒక పెద్ద పెట్టెనా, రెండు చిన్నవా?

నేను రెండు చిన్నవాటి వైపే మొగ్గుతాను. ఒకటి డ్రమ్స్ పక్కన, మరొకటి వేదిక ముందు భాగాన పెడితే మైకు తీగలు పొట్టిగా ఉంటాయి, వేదిక శుభ్రంగా కనిపిస్తుంది. ఒక పెట్టె ఆగిపోయినా కార్యక్రమం సగమైనా నిలుస్తుంది. అయితే వాటిని ఒకదాని వెనక ఒకటి గొలుసుగా కలిపితే ఈ లాభం పోతుంది, ఎందుకంటే మొదటి పెట్టెకు కరెంటు పోతే దాని వెనకున్నది కూడా సాధారణంగా మూగబోతుంది. మిక్సర్‌కు రెండు పోర్టులు ఉంటే ఒక్కో పెట్టెకు ఒక్కో కేబుల్ వేయడం మేలు. గాయకుల మైకులన్నిటినీ ఒకే పెట్టెలో పెట్టకుండా రెంటికీ పంచడం కూడా అంతే అవసరం.

3. మిక్సర్ ఏ భాష మాట్లాడుతుందో తెలుసుకోండి

ఎంపికలో అన్నిటికన్నా బరువైన మెట్టు ఇదే. స్టేజ్ బాక్సుల వెనక కనిపించే పోర్టులు చాలావరకు ఒకే ఆకారంలో, కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ గుచ్చే ఆర్‌జే45 రూపంలోనే ఉంటాయి. కాని లోపల నడిచే ప్రోటోకాల్‌లు, అంటే పరికరాలు మాట్లాడుకునే పద్ధతులు, వేరువేరు. ఆకారం కలిసింది కదా అని ఒక సంస్థ పెట్టెను మరో సంస్థ మిక్సర్‌కు తగిలిస్తే శబ్దం రాదు; ఆ పోర్టుల్లో కొన్నిటిలో కరెంటు కూడా ప్రవహిస్తుంది కనుక పరికరం దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది.

బెహ్రింగర్ ఎక్స్32, మైడాస్ ఎం32 కుటుంబాల మిక్సర్లు ఏఈఎస్50 అనే ప్రోటోకాల్ వాడతాయి. 48 కిలోహెర్ట్జ్ నమూనా రేటు (సెకనుకు తీసే నమూనాల లెక్క) వద్ద ఇది ఒక కేబుల్‌పై అటు 48, ఇటు 48 ఛానెళ్ళను మోస్తుంది. 48 ఛానెళ్ళను 24 బిట్లతోనూ సెకనుకు 48,000 నమూనాలతోనూ గుణిస్తే సెకనుకు సుమారు 55 మెగాబిట్లు వస్తాయి. 100 మెగాబిట్ల భౌతిక పొర మీద అది హాయిగా ఇముడుతుంది. ఎస్16, డీఎల్16 వంటి పెట్టెలు 16 ఇన్‌పుట్లు, 8 అవుట్‌పుట్లతో ఈ కుటుంబంలో పనిచేస్తాయి. ఏఈఎస్50 ఒక పరికరం నుంచి మరో పరికరానికి నేరుగా వెళ్ళే లంకె. పలు పరికరాల కేబుళ్ళను ఒకచోట కలిపే మామూలు నెట్‌వర్క్ స్విచ్ గుండా అది పోదు. సెట్టింగులు తక్కువ, తప్పులకు చోటూ తక్కువ. పంచుకోవడం, దారి మళ్ళించడం మాత్రం కష్టం.

అలెన్ అండ్ హీత్ సంస్థ మొదటి తరం క్యూ శ్రేణి మిక్సర్లు (క్యూ-16 వంటివి) డీస్నేక్ వాడతాయి. ఏబీ168 పెట్టె 16 ఇన్‌పుట్లు, 8 అవుట్‌పుట్లు ఇస్తుంది, ఏఆర్2412 పెట్టె 24, 12 ఇస్తుంది. అదే సంస్థ ఎస్‌క్యూ శ్రేణిలో ఎస్‌లింక్ అనే పోర్టు ఉంటుంది. అది పాత 48 కిలోహెర్ట్జ్ పెట్టెలతోనూ డీఎక్స్168 వంటి 96 కిలోహెర్ట్జ్ పెట్టెలతోనూ మాట్లాడగలదు. ఇప్పటికే పాత పెట్టె ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు.

ఆస్ట్రేలియాకు చెందిన ఆడినేట్ సంస్థ రూపొందించిన డాంటే వేరే దారి. ఇది మామూలు గిగాబిట్ ఈథర్నెట్ మీదే నడుస్తుంది. స్విచ్‌ల గుండా వెళుతుంది. ఒకే మైకును మెయిన్ మిక్సర్‌కూ మానిటర్ మిక్సర్‌కూ రికార్డింగ్ కంప్యూటర్‌కూ ఏకకాలంలో పంపగలదు. ప్రైమరీ, సెకండరీ అని రెండు పోర్టులున్న పెట్టెల్లో రెండు వేరు నెట్‌వర్కులు వేసుకుంటే ఒక కేబుల్ తెగినా శబ్దం ఆగదు. యమహా రియో, టియో పెట్టెలు ఈ కోవకు చెందినవి. ఈ స్వేచ్ఛకు బదులుగా కొంత నెట్‌వర్క్ జ్ఞానం కావాలి. ముఖ్యంగా విద్యుత్తును ఆదా చేసే ఈథర్నెట్ సదుపాయం ఉన్న స్విచ్‌లో దాన్ని ఆపేయాలి. అది పరికరాలను ఒకే లయలో నడిపే క్లాక్ సందేశాలను ఆలస్యం చేసి శబ్దాన్ని తెంపుతుంది.

ప్రిసోనస్ స్టూడియోలైవ్ మూడో తరం మిక్సర్లు ఏవీబీ అనే మరో ఈథర్నెట్ ప్రోటోకాల్ వాడతాయి. ఇక్కడ స్విచ్ కూడా ఏవీబీని సమర్థించేదై ఉండాలి. మాడి అన్నది వీటన్నిటికన్నా పాతది, 1991లో ఏఈఎస్10 ప్రమాణంగా వెలువడింది. 48 కిలోహెర్ట్జ్ వద్ద ఒక దిశలో 64 ఛానెళ్ళను మోసే దీన్ని పెద్ద వ్యవస్థల్లో ఇప్పటికీ చూస్తాం.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. మొదటిది, పోర్టు మోయగలిగిన ఛానెళ్ళు వేరు, మిక్సర్ నడపగలిగిన ఛానెళ్ళు వేరు. ఎక్స్32 మిక్సర్‌కు రెండు ఏఈఎస్50 పోర్టులు కలిసి 96 ఛానెళ్ళు తేగలవు, కాని ఏకకాలంలో అది మలచగలిగిన ఇన్‌పుట్ ఛానెళ్ళు 40 మాత్రమే. క్యూ-16 మిక్సర్‌కు 24 ఇన్‌పుట్ల పెట్టె తగిలించినంత మాత్రాన అందులో మైకు ఛానెళ్ళు 16 దాటవు. దీనికి భిన్నంగా ఎస్‌క్యూ-5 వెనక 16 మైకు ప్రీఆంప్‌లే ఉన్నా లోపల 48 ఇన్‌పుట్ ఛానెళ్ళు ఉన్నాయి కనుక స్టేజ్ బాక్స్ పెట్టాకే ఆ మిక్సర్ పూర్తి సామర్థ్యం బయటికి వస్తుంది. యమహా డీఎం3లో డాంటే అటు 16, ఇటు 16 ఛానెళ్ళకే పరిమితం. డీఎం3 స్టాండర్డ్ అనే రూపంలో అసలు డాంటేనే లేదు. టీఎఫ్ శ్రేణికి టియో పెట్టె కలపాలంటే డాంటే కార్డు విడిగా వేయాలి.

రెండో ఉచ్చు మరింత సూక్ష్మమైనది. ప్రోటోకాల్ కలిసిందంటే శబ్దం వస్తుందనే అర్థం. గెయిన్ (ప్రీఆంప్ సిగ్నల్‌ను ఎంత పెంచాలన్న అమరిక) కూడా మిక్సర్ నుంచి తిప్పగలమని కాదు. డాంటే కార్డు వేసిన ఒక సంస్థ మిక్సర్, మరో సంస్థ డాంటే పెట్టె నుంచి శబ్దాన్ని తీసుకుంటుంది గాని, ఆ పెట్టెలోని ప్రీఆంప్ గెయిన్‌నూ, కొన్ని మైకులకు కేబుల్ గుండానే 48 వోల్టులు అందించే ఫాంటమ్ పవర్‌నూ చాలా సందర్భాల్లో తాకలేదు. అప్పుడు పెట్టె ముందు పలకపైనో, కంప్యూటర్‌లోని విడి సాఫ్ట్‌వేర్‌తోనో సర్దుకోవాలి. పాట మధ్యలో గాయకుడి గొంతు ప్రీఆంప్‌ను పగలగొడుతుంటే ఇది భరించలేని ఏర్పాటు. బలమైన కారణం లేకపోతే మిక్సర్ సంస్థ తన మిక్సర్ కోసమే చేసిన పెట్టెనే తీసుకోండి.

4. ప్రీఆంప్ అంకెలను సరైన వెలుగులో చదవండి

వివరపత్రంలో సమాన ఇన్‌పుట్ రొద అని, ప్రీఆంప్ స్వయంగా కలిపే రొదను చెప్పే ఒక అంకె ఉంటుంది. మంచి ప్రీఆంప్‌లలో అది సుమారు మైనస్ 128 డీబీయూ (సిగ్నల్ స్థాయిని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటుంది. 150 ఓమ్‌ల నిరోధకం కేవలం తన ఉష్ణం వల్లనే సుమారు మైనస్ 131 డీబీయూ రొద పుట్టిస్తుంది కనుక ఎంత గొప్ప ప్రీఆంప్ అయినా ఆ గీతను దాటిపోలేదు. అందుచేత రెండు పెట్టెల మధ్య ఒకటి రెండు డెసిబెళ్ళ తేడా, వేదిక మీది స్పీకర్లూ ఫ్యాన్లూ జనమూ కలిసి చేసే సందడిలో వినపడదు. అంతకన్నా గరిష్ఠ ఇన్‌పుట్ స్థాయిని చూడండి. కిక్ డ్రమ్ మైకు, కీబోర్డు, ప్లేబ్యాక్ లైను వంటివి గట్టి సిగ్నల్ పంపుతాయి. పెట్టెలో సిగ్నల్‌ను తగ్గించే ప్యాడ్ లేకపోయినా, ప్లస్ 20 డీబీయూ దరిదాపుల్లో తట్టుకోలేకపోయినా శబ్దం అక్కడే చిరిగిపోతుంది. కన్వర్టర్‌కు ముందే చిరిగిన శబ్దాన్ని మిక్సర్‌లో ఏ ఫేడరూ బాగుచేయలేదు.

ఫాంటమ్ పవర్‌ను ఛానెల్ వారీగా వేసి తీయగలగాలి. ప్రతి జాక్ పక్కన సిగ్నల్, క్లిప్ (సిగ్నల్ హద్దు దాటిందని చెప్పేది), 48 వోల్టుల దీపాలు ఉంటే వేదిక మీది సహాయకుడు మిక్సర్ దగ్గరున్నవారిని అడగకుండానే సగం చిక్కులు విప్పగలడు.

5. ఆలస్యాన్ని లెక్కగట్టండి

సిగ్నల్ అంకెలుగా మారి మిక్సర్ దాకా వెళ్ళి రావడానికి కొంత సమయం పడుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే ఒక మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. 2 మిల్లీసెకన్ల ఆలస్యమంటే స్పీకర్ నుంచి 68 సెంటీమీటర్లు వెనక్కి జరిగినట్టు. వెడ్జ్ మానిటర్ ముందు నిలబడ్డ గాయకుడికి ఇది లెక్కలోనిది కాదు. ఇయర్ మానిటర్ పెట్టుకున్న గాయకుడి సంగతి వేరు. తన గొంతు ఎముకల ద్వారా ఆలస్యం లేకుండా చెవికి చేరుతుంది, మానిటర్ ద్వారా కొంచెం ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒక మిల్లీసెకను తేడాకు ఆ మొదటి గుంట 500 హెర్ట్జ్ దగ్గర, రెండు మిల్లీసెకన్లకు 250 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. రెండూ గొంతు ఉండే చోట్లే. గాయకుడు తన గొంతు పలచగా, డొల్లగా ఉందని చెబితే ఈక్వలైజర్ తిప్పే ముందు ఈ లెక్క గుర్తుకు తెచ్చుకోండి.

డాంటేలో మామూలుగా ఉండే అమరిక 1 మిల్లీసెకను. మైకు వేదిక నుంచి మిక్సర్‌కు వచ్చేటప్పుడు ఒకసారి, మానిటర్ మిక్స్ మిక్సర్ నుంచి వేదికకు వెళ్ళేటప్పుడు మరోసారి ఆ ఆలస్యం పడుతుంది. కన్వర్టర్లు, మిక్సర్ తీసుకునే సమయం దీనికి అదనం. ఒకటి రెండు స్విచ్‌లే ఉన్న చిన్న గిగాబిట్ నెట్‌వర్కులో దీన్ని 0.25 మిల్లీసెకనుకు తగ్గించుకోవచ్చు. పోల్చేటప్పుడు పెట్టె ఒక్కదాని అంకెను కాక, పెట్టె ఇన్‌పుట్ నుంచి పెట్టె అవుట్‌పుట్ దాకా పట్టే మొత్తం సమయాన్నే అడగండి.

6. క్లాక్ యజమాని ఒక్కరే

డిజిటల్ పరికరాలన్నీ ఒకే లయలో నమూనాలు తీయాలి. రెండు పరికరాలు ఎవరి లయ వారిదే అన్నట్టు నడిస్తే అప్పుడప్పుడు చిటపటలు వినిపిస్తాయి. కేబుల్ మార్చినా, మైకు మార్చినా అవి పోవు. చిన్న వ్యవస్థలో మిక్సర్‌ను క్లాక్ యజమానిగా ఉంచి, పెట్టెను దాని వెంట నడవనివ్వడం తేలిక. డాంటేలో ఆ ఎంపికను నెట్‌వర్కే చేసుకుంటుంది గాని, ఎవరు యజమానిగా ఉన్నారో ఒకసారి చూసి నిర్ధారించుకోవాలి. నమూనా రేటు కూడా కలవాలి: 96 కిలోహెర్ట్జ్ మిక్సర్‌కు 48 కిలోహెర్ట్జ్ పెట్టె తగిలిస్తే మధ్యలో రేటు మార్పిడి ఎక్కడ జరుగుతుందో, అసలు జరుగుతుందో లేదో కొనకముందే తేల్చుకోండి.

7. కేబుల్‌ను పెట్టెతో సమానంగా చూడండి

పెట్టె మీద ఎంతో ఖర్చుచేసి, కేబుల్‌ను ఏదో ఒక మూల నుంచి తెచ్చేవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. వ్యవస్థ మొత్తం వేలాడేది ఆ ఒక్క తీగ మీదే. రాగి ఈథర్నెట్‌కు పరిమితి 100 మీటర్లు. అయితే ఆ లెక్క ఎక్కువ భాగం గోడల్లో శాశ్వతంగా వేసే ఏకతీగ కేబుల్‌కు సంబంధించినది. చుట్టి విప్పడానికి వీలుగా సన్నని పోగులతో చేసే మెత్తని కేబుల్‌లో సిగ్నల్ నష్టం ఎక్కువ కనుక 75 మీటర్ల దగ్గర ఆగడం వివేకం. అల్యూమినియం తీగకు రాగి పూత పూసిన కేబుల్‌ను ఎంత చవకగా దొరికినా దగ్గరికి రానివ్వకండి. దాని నిరోధం ఎక్కువ, వంగి వంగి అది లోపలే విరుగుతుంది. మధ్యలో జోడింపులు పెట్టి రెండు ముక్కలను కలపడం కన్నా ఒకే నిడివి కేబుల్ మంచిది.

ఏఈఎస్50 వాడేవారు మరొక మాట తప్పక గుర్తుంచుకోవాలి. ఇక్కడ షీల్డ్ (తీగల చుట్టూ ఉండే లోహపు పొర) ఉన్న క్యాట్5ఈ రకం కేబులే వాడాలి, ఆ షీల్డ్ రెండు చివర్లా ఆర్‌జే45 చుట్టూ ఉండే ఈథర్‌కాన్ అనే లోహపు తొడుగుకు అతికి ఉండాలి. లేకపోతే తివాచీ మీద నడిచినవారు పెట్టెను తాకినప్పుడు వెలువడే స్థిరవిద్యుత్తు కూడా లంకెను క్షణం పాటు తెంపగలదు. ఈథర్‌కాన్ తొడుగు అన్ని ప్రోటోకాల్‌లకూ మేలే చేస్తుంది. ప్లాస్టిక్ నాలుకతో నిలిచే మామూలు ఆర్‌జే45 వేదిక మీది తొక్కిళ్ళను తట్టుకోలేదు. పెట్టెలో ఈథర్‌కాన్ సాకెట్ లేకపోతే దాన్ని లోపంగానే లెక్కించండి.

వంద మీటర్లు దాటే చోట ఫైబర్ ఒక్కటే సరైన దారి. ఏ వ్యవస్థలోనైనా రెండో కేబుల్‌ను ముందే పరచి, రెండు చివర్లా గుర్తు కట్టి ఉంచండి. ఆటోమేటిక్‌గా మారే సదుపాయం లేని ప్రోటోకాల్‌లలో మీకున్న ఆధారం అదే.

8. ఇద్దరు ఇంజినీర్లు, ఒకే ప్రీఆంప్

మెయిన్‌కూ మానిటర్‌కూ వేరు మిక్సర్లుండి, రెండూ ఒకే పెట్టెను పంచుకుంటే, ఒకరు గెయిన్ తిప్పగానే రెండోవారి మిక్స్ అంతా కదులుతుంది. గెయిన్ అధికారం ఒకరికే ఇచ్చి, రెండోవారు తమ మిక్సర్‌లో మాత్రమే స్థాయిని మార్చే డిజిటల్ ట్రిమ్‌తో సర్దుకోవడం ఒక పద్ధతి. యమహా వంటి వ్యవస్థల్లో గెయిన్ కాంపెన్సేషన్ అనే సదుపాయం, అనలాగ్ గెయిన్ పెరిగినంతా డిజిటల్‌గా తగ్గించి పక్కవారి స్థాయిని కదలనివ్వదు. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు ఇంజినీర్లు తరచు కలిసి పనిచేయవలసి వస్తే ప్రతి మైకు సిగ్నల్‌నూ రెండుగా పంచే పాతకాలపు అనలాగ్ స్ప్లిటర్, దాని వెనక రెండు పెట్టెలు ఉండటమే ప్రశాంతం.

9. కరెంటు, ఫ్యాను, పెట్టె రూపం

స్టేజ్ బాక్స్‌కు వేదిక మీదే కరెంటు కావాలి. లైటింగ్ డిమ్మర్లతో కలవని లైను నుంచి ఇచ్చి, మధ్యలో చిన్న యూపీఎస్ పెట్టండి. కరెంటు ఒక్క క్షణం మినుకుమన్నా పెట్టె మళ్ళీ లేచి లంకె కుదుర్చుకునే వరకు సభ నిశ్శబ్దంలో మునుగుతుంది. రెండు పవర్ సప్లైలున్న పెట్టెలు ఖరీదైనవే అయినా పెద్ద కార్యక్రమాలకు తగినవి. నిశ్శబ్ద సంగీతానికి, నాటకానికి ఫ్యాను చప్పుడు విని చూడండి. నేలపై పెట్టేదా, ర్యాక్‌లో బిగించేదా అన్నది మీ రవాణా పద్ధతిని బట్టి నిర్ణయించుకోండి.

10. కొనకముందు చేయవలసిన పరీక్ష

మీ మిక్సర్‌ను, మీరు నిజంగా వాడబోయే పొడవు కేబుల్‌ను తీసుకెళ్ళండి. రెండు మీటర్ల కేబుల్‌తో చేసిన ప్రదర్శన ఏమీ రుజువు చేయదు. ముందుగా రెండు పరికరాల్లోనూ ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) వెర్షన్లు కలిసేలా చేయండి; చాలా లంకెలు కుదరకపోవడానికి కారణం అవి కలవకపోవడమే. ప్రతి ఇన్‌పుట్‌లో ఒక మైకు పెట్టి గెయిన్, ఫాంటమ్ పవర్ మిక్సర్ నుంచి తిరుగుతున్నాయో లేదో చూడండి. ప్రతి అవుట్‌పుట్ వినండి. గంటసేపు శబ్దం నడవనిచ్చి చిటపటల కోసం హెడ్‌ఫోన్‌లో వినండి.

ఆ తరువాత స్పీకర్ల స్థాయి తగ్గించి, కేబుల్‌ను ఊడబీకండి. అవుట్‌పుట్లు మెల్లగా మూగబోయాయా, లేక స్పీకర్లను పగలగొట్టేటంత చప్పుడు చేశాయా? తిరిగి గుచ్చాక ఎన్ని సెకన్లలో శబ్దం వచ్చింది? గెయిన్‌లు, ఫాంటమ్ పవర్ పాత విలువల దగ్గరే ఉన్నాయా? ఇదే పరీక్షను పెట్టె కరెంటు తీసి ఒకసారి, మిక్సర్ కరెంటు తీసి మరోసారి చేయండి. ఈ మూడు సార్లూ పెద్ద చప్పుడు లేకుండా ఆగి, ఎవరూ మీట నొక్కకుండానే యథాస్థితికి వచ్చిన పెట్టెను తీసుకోండి. అలా రానిదాన్ని, దాని ప్రీఆంప్‌లు ఎంత తియ్యగా పలికినా, అక్కడే వదిలిపెట్టండి.